వదిన సైటు ఊడ్చిన రోజు

నేను పుట్టింది బిలాస్‌పూర్‌లో ఒక రైల్వే క్వార్టర్లో. పెళ్ళయి వెళ్ళింది అదే ఊళ్ళో ఇంకో రైల్వే క్వార్టర్లోకి. రెండింటికీ మధ్య రెండు వీధులు, ఒక నీళ్ళ ట్యాంకు. అప్పగింతలప్పుడు నాకు ఏడుపు రాలేదని మావాళ్ళు ఇప్పటికీ దెప్పుతారు. కూరలకి వెళ్ళే దూరానికి ఏడవడమెందుకని నేనూ ఇప్పటికీ జవాబు చెబుతాను.

క్వార్టర్లలో బతికిన మనిషికి గోడ రంగు ఎంచుకునే అవసరం రాదు. డిపార్టుమెంటు ఏ రంగు పూస్తే అదే మన అభిరుచి. కిటికీ రెక్క ఊడితే అర్జీ రాయాలి. ఆ అర్జీ ఎక్కడో పోయిందంటే మళ్ళీ రాయాలి. మూడోసారికి కిటికీకి గోనెపట్టా కట్టుకుని ఊరుకోవాలి. అలాంటిదాన్ని, నలభై తొమ్మిదో ఏట, నాకంటూ ఒక వెబ్‌సైటు పెట్టుకున్నాను. దానికి రంగు ఎంచడానికి నాలుగు రోజులు కూర్చున్నాను. తీరా చూస్తే అది డిపార్టుమెంటు పసుపేనని మా ఆయన అన్నారు. ఆయన లోకో షెడ్డులో పనిచేసేవారు. రంగుల విషయంలో ఆయన మాట నేనెప్పుడూ పట్టించుకోలేదు.

అంతకుముందు ఏడాదిన్నరపాటు ఒక ఉచిత బ్లాగు రాశాను. ఒకరోజు పొద్దున్న తెరిస్తే దానికి తాళం పడి ఉంది. ఇది చెత్త బ్లాగేమోనని మా యంత్రానికి అనుమానం కలిగింది, మనిషి చూసి తేల్చేదాకా ఆగండి అని ఇంగ్లీషులో ఒక నోటీసు. యంత్రానికి తెలుగు రాదు కాబట్టి నా రాత దానికి చెత్తలా కనబడి ఉంటుంది. పది రోజులకి ఎవరో మనిషి చూసి తాళం తీశారు. క్షమాపణ చెప్పమని రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. అప్పుడూ లేదు. అర్జీలు రాయడానికి క్వార్టరు చాలు, బ్లాగు కూడా ఎందుకనిపించింది. సొంతంగా ఒక పేరు రిజిస్టరు చేయించి, ఎక్కడో అమెరికాలో ఉన్న ఒక కంపెనీ సర్వర్లో కాస్త జాగా అద్దెకి తీసుకున్నాను. జాగా అద్దెదే అయినా తాళంచెవి నాది.

ఆ సైటులో నా గురించి రాసుకున్నది తక్కువ. అది మామ్మ మాటల కోసం పెట్టినది.

మా పక్క క్వార్టర్లో ఒక గూడ్స్ గార్డు కుటుంబం ఉండేది. గార్డు భార్యని నేను వదినా అంటాను, ఆవిడ నన్ను వదినా అంటుంది. ఇద్దరిలో ఎవరు పెద్దో ఎన్నడూ తేల్చుకోలేదు. తేలితే ఒకరు రెండోవాళ్ళ మాట వినాల్సి వస్తుంది. వదిన అత్తగారిని కాలనీ అంతా మామ్మ అనేవారు. శ్రీకాకుళం వైపు ఒక పల్లె నుంచి పదిహేనో ఏట ఈ ఊరొచ్చింది. ఆవిడ భర్త బొగ్గింజన్ల కాలంలో షెడ్డులో బొగ్గు ఎత్తేవాడు. ఆవిడ చదువుకోలేదు. కానీ ఒక సంగతి చెప్పడం మొదలుపెడితే వింటున్నవాళ్ళ చేతిలో పని ఆగిపోయేది. షెడ్డు బూడిదలోంచి కాలని బొగ్గు ఏరుకొచ్చి పొయ్యి వెలిగించడం, కూరలమ్మే ఛత్తీస్‌గఢీ మనిషితో దెబ్బలాడి దెబ్బలాడి హిందీ నేర్చుకోవడం, నీళ్ళు రాని రోజున లైనులో ఆడవాళ్ళందర్నీ వెంటేసుకుని ఇంజనీరు బంగళా ముందు బిందెలతో కూర్చోవడం, ఇలాంటివి. చిన్న రికార్డరు ఒకటి ఆవిడ ముందు పెట్టి మాట్లాడించేదాన్ని. ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు టైపు చేసేదాన్ని. సైటులో ఒక్కో పేజీలో ఆవిడ మాటల రాత, కింద ఆవిడ గొంతు. మొత్తం ఇరవై ఆరు.

వాటిని చదివేవాళ్ళు కొంతమంది ఏర్పడ్డారు. ఊరి చివర కోనిలో, యూనివర్సిటీ వైపు కాపురముండే ఒక తెలుగావిడ, 'ఏటి' అని రాయకండి, 'ఏమిటి' అని దిద్దండి, పిల్లలు చెడిపోతారు అని కామెంటు పెట్టింది. మా కాలనీ పిల్లలకి తెలుగు చదవడమే రాదు కాబట్టి చెడిపోయే ప్రమాదం లేదని జవాబిచ్చాను. హైదరాబాదు నుంచి ఇంకొకాయన, కంప్యూటర్ల ఉద్యోగస్తుడు, ఇవన్నీ ఇంకోచోట కూడా దాస్తున్నారా, బ్యాకప్పు ఉందా అని అడిగాడు. ఆయనకి నాలుగు పేరాల జవాబు రాశాను. సారాంశం ఏమిటంటే, మా ఇంట్లో కంప్యూటరు ఒక్క పిడుగుకి పోతుంది, అక్కడ సర్వర్లకి జనరేటర్లూ కాపలావాళ్ళూ ఉంటారు, ఏది భద్రమో మీరే చెప్పండి అని. మీ ఇష్టమండీ అని ఆయన ఒక్క ముక్క రాశాడు. నేను గెలిచాననుకున్నాను.

ఆ వేసవిలో నిజంగానే కరెంటు ఎక్కువై మా కంప్యూటరు కాలిపోయింది. అందులో ఉన్న మామ్మ రికార్డింగులూ, టైపు చేసిన రాతలూ దానితోపాటే పోయాయి. రికార్డరులో పాతవి చెరిపితే తప్ప కొత్తవి పట్టవని ఎక్కించగానే చెరిపేసేదాన్ని కాబట్టి అందులోనూ లేవు. ఇంకో కంప్యూటరు కొన్నాం. నాకేం బెంగ కలగలేదు. సైటులో ఉన్నాయి కదా. పైగా హైదరాబాదాయనకి, చూశారా, నేను చెప్పిందే జరిగింది అని రాశాను కూడా.

చలికాలం మొదట్లో ఒక పొద్దున్న మామ్మకి కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. రైల్వే ఆస్పత్రిలో ఇరవై రోజులుంచి పంపించారు. మనుషుల్ని గుర్తుపట్టేది, అన్నీ అర్థమయ్యేవి, నోరు మాత్రం పెగిలేది కాదు. ఇక ఆవిడ చెప్పగలిగింది ఏదైనా ఉంటే అది ఆ ఇరవై ఆరు పేజీల్లోనే ఉంది.

ఆ తర్వాత రెండు నెలలకి విజయనగరంలో మా ఆడపడుచు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. చూసేవాళ్ళు లేరు. మా ఆయనకి సెలవులు ఎలాగూ మురిగిపోతున్నాయి, ఇద్దరం బయల్దేరాం. అయిదు వారాలు.

మా కాలనీలో ఊరెళ్ళేటప్పుడు తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్తారు. ఇవ్వకపోతే మనసులో ఏదో పెట్టుకున్నట్టు. పుచ్చుకున్నవాళ్ళకీ కొన్ని పనులుంటాయి. మొక్కలకి నీళ్ళు పొయ్యాలి, ఉత్తరాలు తీసి పెట్టాలి. ఇంటివాళ్ళ బండి వచ్చే ముందురోజు ఇల్లు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, ఫ్రిజ్జులో పాడైనవి పారేసి, బిందె నింపి ఉంచాలి. ఏది పాడైందో తేల్చే హక్కు తాళంచెవి ఉన్నవాళ్ళదే. ఒకసారి వదిన ఊళ్ళో లేనప్పుడు బూజు పట్టిందని ఆవిడ గోంగూర జాడీ మొత్తం కుప్పలో పారబోశాను. బూజు పైపైనేనని తర్వాత తెలిసింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. అనకూడదు, అదీ ఆనవాయితీలో భాగమే.

వదిన హిందీ మీడియంలో చదివింది. తెలుగు కూడబలుక్కుని ఒక్కో అక్షరం చదువుతుంది, కానీ కంప్యూటరు కోర్సు చేసింది. ఊరెళ్తూ ఇంటి తాళంచెవితోపాటు సైటు పాస్‌వర్డు కూడా ఒక చీటీ మీద రాసి ఇచ్చాను. చెత్త కామెంట్లు తీసేస్తూ, మంచివి ఉంచుతూ ఉండమన్నాను. ఆ పాస్‌వర్డు సంగతి కొంచెం చెప్పాలి. పద్నాలుగు అక్షరాలు, మధ్యలో అంకెలు, చుక్కలు. నెలకోసారి మార్చేదాన్ని. రష్యా నుంచో చైనా నుంచో ఎవడో వచ్చి నా సైటులో దూరతాడని నా భయం. ఎవడూ దూరకుండా అన్ని ఏర్పాట్లూ చేశాను. సైటుకీ, దాని వెనకాల సర్వరు కంట్రోల్ ప్యానెలుకీ మాత్రం ఒకే పాస్‌వర్డు పెట్టుకున్నాను, గుర్తుంటుందని. అంటే ముందుగది తాళంచెవే బీరువాకీ పడుతుంది. వదినకి నేనిచ్చింది రెండూ అన్నమాట.

అయిదు వారాలు విజయనగరంలో ఇంటర్నెట్టు ముఖం చూడలేదు.

తిరిగొచ్చిన పొద్దున్న ఇల్లు అద్దంలా ఉంది. పొద్దున్నే మళ్ళీ తడిగుడ్డ పెట్టినట్టుంది, గచ్చు ఇంకా ఆరలేదు. వదిన పాలగిన్నె పట్టుకుని వచ్చింది.

"కాలెలగుంది మీ ఆడపడుచుకి?"

"కాలు బానే ఉంది. నోరే ఇంకా బాగుంది."

"నీకు తగ్గ ఆడపడుచే." పాలు స్టవ్వు మీద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఇల్లు సాఫ్ చేసీసేను వదినా. నీ సైటు కూడా చేసీసేను."

"సైటేటి, చెయ్యడమేటి?"

"అచ్ఛా, నీకు తెలీదు కదేటి. నువ్వెళ్ళిన కాణ్ణించి ఒకటే కచరా. మందుబిళ్ళలంట, గడియారాలంట, రోజుకి వందల్లో వొచ్చీవి కామెంట్లు. నేను తీసీడం, అవి మళ్ళీ రావడం. మొన్న ఆ వెనకాల ప్యానెల్ తెరిస్తే పైన ఎర్ర అక్షరాల్తో ఉంది, జాగా నిండిపోయింది, ఖాళీ చెయ్యకపోతే సైటు బంద్ చేసీస్తాం అని. నిన్నెలాగూ చీపురు పట్టేను కదా, పన్లో పని అదీ కానిచ్చీసేను."

"ఏది తీసేవు?"

"ఏది ఎక్కువ జాగా తింటందో అదే. లిస్టులో పక్కనే రాసుంటాది కదా. ఫ్రిజ్జులోనూ అంతే కదేటి, పెద్ద గిన్నె తీస్తేనే చోటొస్తాది."

నేను కంప్యూటరు పెట్టాను. వదిన వెనకాల నుంచుని, ఎంత శుభ్రంగా ఉందో నేను చూసి మెచ్చుకుంటానని ఎదురుచూస్తోంది. పసుపు రంగు వచ్చింది. పైన సైటు పేరు వచ్చింది. కింద, చూపించడానికి ఇక్కడ ఏమీ లేదని ఇంగ్లీషులో ఒక వాక్యం. చెత్త కామెంట్లు ఒక్కటి లేవు. అంత శుభ్రమైన సైటు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ప్యానెల్ తెరిచాను. డేటాబేసులో అన్నిటికంటే ఎక్కువ జాగా తింటున్నది పేజీల పట్టిక. అది లేదు. ఫైళ్ళలో అన్నిటికంటే ఎక్కువ జాగా తింటున్నది మామ్మ గొంతు ఉన్న ఫోల్డరు. అదీ లేదు. చెత్త కామెంట్లు ఎన్నున్నా పెద్దగా జాగా తినవు.

మా ఆయన బ్యాగులు విప్పుతూ, "ఏటి, ఇంతసేపు మాటాడకండా ఉన్నావు, ఒంట్లో బావుందా?" అన్నారు.

వదినే ముందు అడిగింది. "మామ్మవి అందులోనే ఉన్నాయేటి?"

"అందులోనే."

"ఇంకెక్కడా లేవా?"

"లేవు."

ఆవిడ తడిగచ్చు మీదే కూర్చుంది. "ఇంకెక్కడో దాచి ఉంటావనుకున్నాను వదినా. చదువుకున్నదానివి కదా" అంది.

నన్ను చాలామంది చాలా మాటలన్నారు. అందరికీ తిరిగి అన్నాను. వదిన ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అలా అనుకుంది. గోంగూర జాడీ సంగతి కూడా గుర్తొచ్చింది. తాళంచెవి ఇచ్చినవాళ్ళు అనకూడదు. అయినా అనేదాన్నేమో, కానీ ఎవర్ననాలో తేలలేదు.

ఆ పూటే కంపెనీకి రాశాను. సాయంత్రానికి జవాబు వచ్చింది, చాలా మర్యాదగా ఉంది. మేము వారానికోసారి మీ సైటుకి నకలు తీసి ఉంచుతాం, కొత్తది తీయగానే పాతది చెరిపేస్తాం, ఈ వారం నకలు ఈ రోజు ఉదయమే తీశాం, కావాలంటే దాన్ని పునరుద్ధరిస్తాం అని. అంటే వదిన ఊడ్చి వెళ్ళాక, ఆ ఖాళీ ఇంటిని జాగ్రత్తగా దాచారు. వద్దని రాశాను.

హైదరాబాదాయనకి రాయడానికి ఒక పూట పట్టింది. నాలుగు పేరాలు రాయలేదు, రెండు వాక్యాలు రాశాను. ఆయన వెంటనే జవాబిచ్చాడు. సెర్చి ఇంజన్లు మన పేజీని చూసిపోయినప్పుడు తమ దగ్గర ఒక నకలు అట్టే పెట్టుకుంటాయట. మళ్ళీ వచ్చి పేజీ లేదని చూసుకున్నప్పుడు ఆ నకలు పారేస్తాయట. ఏది ఎప్పుడొస్తుందో చెప్పలేం, కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి అన్నాడు. నేను ముందే చెప్పాను కదా అని అనలేదు. అననందుకు ఆయన మీద కోపం ఇంకా పెరిగింది.

మా కంప్యూటరు ఒక్కటే, కరెంటు పోతే అదీ లేదు. అందుకని వదిన తెలిపారా బజార్లో సైబర్ కేఫ్‌కి బయల్దేరింది. మామ్మ దగ్గర మా ఆయన్ని కూర్చోబెట్టాం. పేజీల అంకెలు సగం ఆవిడకి, సగం నాకు. అరగంటకి ఫోను మోగింది.

"వదినా, ఇక్కడన్నీ డబ్బాలే వొస్తన్నాయి. అక్షరం ఒక్కటి లేదు."

"ఆ కంప్యూటర్లో తెలుగు లేదు, అందుకే. డబ్బాలే సేవ్ చెయ్యి."

"ఖాళీ డబ్బాలు సేవ్ చేసి ఏటి చేసుకుంటావు?"

"మనింటికొస్తే అక్షరాలైపోతాయి. నువ్వు చెయ్యి."

"నిన్న నేను చదవకుండానే తీసీసేనని ఊరుకున్నావు. ఇప్పుడు చదవకుండానే దాచమంటన్నావు."

"ఇందులో పొరపాటు చేసినా పోయేదేం లేదు వదినా. ఉన్నవన్నీ దాచు."

"అచ్ఛా." ఫోను పెట్టేసింది. మళ్ళీ అయిదు నిమిషాలకి మోగింది. "మామ్మ మాటలు ఏవో, కామెంట్లు ఏవో ఎలగ తెలుస్తాది? అన్ని డబ్బాలూ ఒక్కలాగే ఉన్నాయి."

"కామెంట్లు కూడా దాచెయ్యి."

"మందుబిళ్ళలవి కూడానా?"

"అవి కూడా."

"నేనేటి పాపం చేసేనో" అంటూ పెట్టేసింది.

రెండు రోజులు అలా గడిచాయి. వదిన కేఫ్ నుంచి తెచ్చిన సీడీని మా కంప్యూటర్లో పెడితే డబ్బాలు అక్షరాలయ్యాయి. ఆవిడ వేలు పెట్టి ఒక లైను కూడబలుక్కుని చదివింది. నీళ్ళ కోసం బంగళా ముందు కూర్చున్న సంగతి. చదువుతూ ఒకచోట నవ్వింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్తగారి నోట ఆ సంగతి ఎన్నోసార్లు విని ఉంటుంది, చదవడం అదే మొదటిసారి. మూడో రోజు మిగిలిన పేజీల కోసం వెతికితే నకళ్ళు కూడా కనబడలేదు. చివరికి చేతికొచ్చినవి ఇరవై రెండు. నాలుగు పోయాయి. ఆ నకళ్ళలో రాత ఉంటుంది, శబ్దం ఉండదు. మామ్మ గొంతు మొత్తం పోయింది. దాని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

తర్వాత చేయాల్సినవి చేశాను. సైటుకొక పాస్‌వర్డు, ప్యానెలుకొకటి, డేటాబేసుకొకటి. కామెంట్ల ముందు ఒక చిన్న లెక్క పెట్టాను, మూడూ నాలుగూ ఎంతో చెప్పనిదే కామెంటు పడదు. మందుబిళ్ళలవాళ్ళకి కూడికలు రావు. ప్రతి ఆదివారం మొత్తం సైటు సీడీలోకి ఎక్కించి ఒకటి మా ఇంట్లో, ఒకటి వదిన బీరువాలో పెట్టేవాళ్ళం. వదినకి వేరే పాస్‌వర్డు ఇచ్చాను. దానితో కామెంట్లు తీయొచ్చు, పేజీలు ముట్టుకోవడం కుదరదు. అది చెబితే ఆవిడ, "అంటే వరండా వరకే రానిస్తావన్నమాట" అంది. అవునన్నాను. చీటీ పుచ్చుకుంది. రెండు రోజులు కూర పంపలేదు. మూడో రోజు పంపింది, ఉప్పు ఎక్కువేసి.

పోయిన నాలుగింట్లో మూడు మళ్ళీ రాశాం. గార్డుగారికి డ్యూటీ లేనప్పుడు ముగ్గురం మామ్మ మంచం చుట్టూ కూర్చునేవాళ్ళం. నేను నాకు గుర్తున్నది చదివేదాన్ని, తల్లీకొడుకుల సంగతులు కాబట్టి గార్డుగారు సర్దేవారు, వదిన మధ్యలో అడ్డం పడేది. మామ్మకి ఎడమచెయ్యి ఆడేది. సరిగ్గా ఉంటే అరచెయ్యి దుప్పటి మీద బల్లపరుపుగా పెట్టేది. తప్పయితే ఈగని తోలినట్టు విసిరేది. మా అందరికంటే ఆవిడే ఎక్కువ కచ్చితంగా ఉండేది. ఒక వంటలో చింతపండు వేసిందా లేదా అన్నదాని దగ్గర మేం ముగ్గురం వేరువేరుగా అనేసరికి ఆవిడ చెయ్యి విసిరి విసిరి అలిసిపోయి కళ్ళు మూసుకుంది. మర్నాడు ఉసిరికాయ అన్నాక గానీ చెయ్యి దుప్పటి మీద వాలలేదు.

మిగిలింది ఒకటి. అది నేనొక్కదాన్నే విన్నది.

మామ్మకి ఒక చెల్లెలుండేది. గార్డుగారు పుట్టినప్పుడు పురిటికి సాయం చెయ్యడానికి ఊరి నుంచి వచ్చింది. ఆరు నెలలుంది. బెల్తరా అనే పల్లె వైపు నుంచి పాలు తెచ్చే ఛత్తీస్‌గఢీ మనిషితో వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆ పేరు ఇంట్లో ఎత్తకూడదని మామ్మ భర్త ఆంక్ష పెట్టాడు. ఆయన పోయినా ఆ ఆంక్ష పోలేదు. గార్డుగారికి పిన్ని ఒకావిడ ఉందని కూడా తెలియదు. చాలా ఏళ్ళ తర్వాత సంతలో ఒకసారి అక్కాచెల్లెళ్ళు ఎదురుపడ్డారట. ఒకరి బుట్టలో ఏముందో ఇంకొకరు చూసుకుని వెళ్ళిపోయారట. ఇవన్నీ ఒక మధ్యాహ్నం, వదిన బజారుకెళ్ళినప్పుడు, రికార్డరు ముందు చెప్పింది. రాయమంటావా అని అడిగాను.

"రాసీ. మావోడు సదవడు. సదివినా నానుండగా ఏటంతాడు?" అంది.

ఇంటి వెనక తలుపు దగ్గర, వెళ్ళిపోతూ, చెల్లెలు అక్కతో ఒక మాట అంది. ఒక్కటే వాక్యం. మామ్మ ఆ వాక్యాన్ని చెల్లెలి గొంతుతో చెప్పింది. నేను విన్నాను, టైపు చేశాను, సైటులో పెట్టాను. పెట్టాం కదా అని మరిచిపోయాను. చెల్లెలు అక్కడి ఆడవాళ్ళలా లుగడా చీర కట్టుకుని సంతలో నిలబడ్డ తీరు గుర్తుంది, వెళ్ళిన రోజు పొయ్యి మీద ఏముందో గుర్తుంది. ఆ వాక్యం మాత్రం గుర్తు లేదు. కామెంట్లు రాసినవాళ్ళని అడిగాను, వాళ్ళకీ లేదు.

ఈ సంగతి వదినకి చెప్పక తప్పలేదు. "నేను తీసిందాంట్లో ఇదీ ఉందా" అంది. గార్డుగారికి ఆవిడే చెప్పింది. ఆయన బూట్లు వేసుకుంటూ విన్నారట. డ్యూటీకి వెళ్ళిపోయారట. తిరిగొచ్చాక తల్లి పక్కన కూర్చుని, "పిన్ని ఉండీదా అమ్మా?" అని అడిగారట. అరచెయ్యి దుప్పటి మీద పెట్టిందట.

మర్నాడు రాసుకున్నది తీసుకెళ్ళి చదివాను. పురుడు, పాలవాడు, సంత, అన్నిటికీ చెయ్యి దుప్పటి మీదే ఉంది. ఆ వాక్యం దగ్గరకొచ్చాను.

"నువ్వు రమ్మంటే వొచ్చేను, ఇప్పుడు నాకు నానే ఎల్తన్నాను. అలాగందా?"

చెయ్యి విసిరింది.

"నీ కాపురం నీకుంది, నాకొద్దేటి కాపురం?"

విసిరింది.

"అక్కా, తలుపేసీ."

చెయ్యి లేచి కాసేపు గాలిలో ఉంది. నేనూ వదినా ఇద్దరం ఆ చేతినే చూశాం. విసిరింది. దగ్గరగా వచ్చానేమో, ఏ పక్కకి దగ్గరో తెలియలేదు. ఆ వారమంతా ఇంకా ఎన్నో చదివాను. నా వాక్యాలు చాలామటుకు బాగానే ఉండేవి. ఒకటి రెండు చాలా బాగున్నాయి కూడా. బాగున్నవాటిని ఇంకా గట్టిగా విసిరింది. చివరికి నా ముఖం చూసి నేను నోరు తెరవకముందే విసరడం మొదలుపెట్టింది.

పేజీ అలాగే పెట్టాలని తేల్చుకున్నాం. ఆ వాక్యం ఉండాల్సినచోట ఏం రాయాలన్నదాని మీద నాకూ వదినకీ వాదన.

"కోడలు తుడిచీసింది, అందుకే లేదు అని రాసీ" అంది.

"నీ ఊసు అక్కడెందుకు?"

"తీసింది నేను కదా."

"తీసింది నువ్వే. దాచనిది నేను. బీరువా తాళంచెవి చీటీ మీద రాసిచ్చింది నేను. ఇంకోచోట దాచమన్నవాడితో నాలుగు పేరాలు దెబ్బలాడింది నేను. నువ్వు ఒక్కరోజు ఊడ్చేవు. నేను ఏడాదిపాటు దాచకుండా ఉన్నాను."

"అలగైతే నీ పేరే రాయి."

"నాదెందుకు, నేనేం తుడవలేదు కదా."

"చూసేవా, ఒప్పుకున్నట్టే ఒప్పుకుని మళ్ళీ తప్పించుకుంటావు" అంది. ఇన్నేళ్ళ స్నేహంలో నాతో వాదించి ఆవిడ గెలిచింది అదొక్కసారే.

అప్పుడు ఇలా టైపు చేశాను: 'ఇక్కడ ఆవిడ చెల్లెలు వెళ్తూ అన్న మాట ఉండేది. సైటు చూసుకునే ఇద్దరి చేతుల్లో పోయింది. ఆ మాట మాకు తెలియదు.'

సైటులోకి ఎక్కించే ముందు కాగితం మీద రాసుకుని పక్కింటికెళ్ళి మామ్మకి మొత్తం మొదట్నించి చదివాను. ఆ చోటుకొచ్చేసరికి నా గొంతు కాస్త తొందరపడింది. వదిన మంచం కోడు పట్టుకుని నుంచుంది. ఆ మూడు వాక్యాలూ చదివాను. మామ్మ ఎడమచెయ్యి ఎత్తలేదు. దుప్పటి మీద, ఉన్నచోటే, అరచెయ్యి విప్పి పరిచింది.

ఇంటికొచ్చి పేజీ సైటులోకి ఎక్కించాను. అది ఇప్పటికీ అలాగే ఉంది.